నా కథల్ని అడగకుండా ఏఐ శిక్షణకు వాడుకోవచ్చా?

"మనుషులు నాలుగు పుస్తకాలు చదివి రాయడం నేర్చుకున్నట్టే ఏఐ కూడా నేర్చుకుంటోంది కదా, రచయితలకు అభ్యంతరం ఎందుకు?" అని ఒకరు నన్ను అడిగారు. కథలు రాసేవాడిగా చెబుతున్నాను. ఏఐ చదవడం మీద కాదు నా గొడవ, పుస్తకం దాని చేతికి ఏ దారిలో వెళ్లిందన్నదాని మీద.

నా కథల సంపుటి అచ్చయిన కొన్నాళ్లకే ఎవరో స్కాన్ చేసి పీడీఎఫ్‌ని టెలిగ్రామ్ గ్రూపుల్లో పెట్టేశారు. మన దగ్గర కథల పుస్తకానికి చాలాసార్లు రచయితే సొంత డబ్బు పెట్టుకుంటాడు. అలాంటి దొంగ కాపీలతోనే ఓ కంపెనీ వ్యాపారం కట్టుకుంటే ఊరుకోవాలా?

అమెరికాలో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ మీద రచయితలు వేసిన కేసులో 2025 జూన్‌లో జడ్జి విలియం ఆల్సప్ సరిగ్గా ఈ తేడానే చూపించారు. శిక్షణకు వాడటం ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా వాడుకోవడానికి చట్టం ఇచ్చే మినహాయింపు) కిందికి వస్తుంది, పైరసీ సైట్ల నుంచి లక్షల పుస్తకాలు దింపి దాచుకోవడం రాదు అన్నారు. చివరికి కంపెనీ 150 కోట్ల డాలర్లకు రాజీపడింది. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. కానీ అమెరికా కాపీరైట్ ఆఫీసులో గడువులోగా రిజిస్టరైన పుస్తకాలకే ఆ డబ్బు. అక్కడ రిజిస్టర్ చేయించిన తెలుగు రచయితలు ఎంతమంది ఉంటారు?

మన చట్టంలో రిజిస్ట్రేషన్ లేకపోయినా రాసిన క్షణం నుంచే హక్కు మీదే. అందుకే అగ్రిమెంట్ దగ్గర జాగ్రత్త. ఒక ఆడియో సంస్థ నాకు పంపిన కాగితంలో "ఇప్పుడున్న, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా" అని ఉంది. ఆ వాక్యం తీసేయమని, ఆడియోకి మాత్రమే, మూడేళ్లకే ఇస్తానని రాశాను. కొంత బేరం తర్వాత ఒప్పుకున్నారు. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లనే లెక్క. 2012 సవరణ తర్వాత, అప్పటికి పుట్టని మాధ్యమానికి హక్కులు వెళ్లాలంటే ఆ మాధ్యమాన్ని కాగితంలో ప్రత్యేకంగా చెప్పాలి.

2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ కమిటీ ఒక ప్రతిపాదన పెట్టింది. కంపెనీలు చట్టబద్ధంగా తమకు అందిన ఏ రచననైనా శిక్షణకు వాడుకోవచ్చు, వచ్చిన ఆదాయంలోంచి రాయల్టీ కట్టాలి, రచయిత మాత్రం వద్దనడానికి లేదు. డబ్బు ఇస్తామనడం మంచిదే. కానీ నా కథ ఇవ్వనని చెప్పే హక్కు కూడా నాకు కావాలి. అది లేని రాయల్టీని నేను ఒప్పుకోను.