బడిలో నోరు విప్పని పాప: పరీక్షకు ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మావారిది చిన్న హార్డ్‌వేర్ షాపు, నెలకు 35 వేల దాకా వస్తుంది. నాలుగున్నరేళ్ల పాప ఎల్‌కేజీ. ఇంట్లో తెలుగులో గలగలా మాట్లాడుతుంది, బడిలో మాత్రం ఆరు నెలలుగా నోరు విప్పడం లేదు. ఎదుగుదల పరీక్ష చేయించమని టీచర్ చెప్పారు. మా అత్తయ్య మాత్రం పెద్దయితే అదే మాట్లాడుతుందిలే అంటున్నారు. విశాఖలో ఒక సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆరు నెలల థెరపీకి 90 వేలు ముందే కట్టమన్నారు. లక్ష రూపాయల ఎఫ్‌డీ, పాప పేరున సుకన్య సమృద్ధి, నెలకు 5 వేల చీటీ ఉన్నాయి. ఏది తీయాలి? వచ్చే ఏడాది దాకా ఆగాలా?

జవాబు: ఆగకండమ్మా. అలాగని ఆ 90 వేలూ కట్టకండి. పాపను ఇంకా ఎవరూ చూడనే లేదు. చూడకుండా ఆరు నెలల థెరపీ కావాలని ఎలా తేలుస్తారు? పరీక్ష ఖర్చు వేరు, థెరపీ ఖర్చు వేరు. మీ మనసులో రెండూ కలిసిపోయాయి, అందుకే ఇంత టెన్షన్.

ఇంట్లో మాట్లాడే పిల్ల బడిలో మాట్లాడకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. తరచూ జలుబు చేసే పిల్లలకు చెవిలో నీరు చేరి, తరగతి గోలలో మాట సరిగా వినపడదు. మీ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిష్. కొత్త భాష మధ్య పడిన పిల్లలు కొన్ని నెలలు వింటూ ఊరుకోవడం మామూలే, ఆ మేరకు మీ అత్తగారి మాటలో నిజం ఉంది. అయితే భయం వల్ల కొన్నిచోట్ల గొంతే పెగలని పిల్లలూ ఉంటారు. దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు, అది మొండితనం కాదు. ఎదుగుదలలో వెనకబాటూ కావచ్చు. చెవి సమస్య అయితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరే తేలిపోవచ్చు. భయం అయితే పని చాలావరకు బడిలోనే, టీచర్ సాయంతో జరగాలి. విశాఖలో గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదు. ఏ కారణమో తెలియకుండా కట్టే ప్యాకేజీ అక్కరకు రాకపోవచ్చు.

కాబట్టి ముందు డబ్బు అక్కర్లేని దారి చూడండి. ప్రభుత్వానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లల ఎదుగుదలనూ చూస్తాయి. మీ పాపది ప్రైవేటు బడి అయితే ఆ బృందం అక్కడికి రాదు, అందుకని మీ వీధి అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి. జిల్లా ఆసుపత్రికి వెళ్లి డీఈఐసీ, అంటే చిన్నపిల్లల సమస్యలను ముందుగా గుర్తించే కేంద్రం, ఎక్కడుందో కనుక్కోండి. అక్కడ పరీక్ష ఉచితం.

అక్కడ తేలకపోతే పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ వెళ్లడం దండగ కాదు. పాపను తెలుగులో పరీక్షించేవాళ్లు కావాలి. రాని భాషలో ప్రశ్నలడిగితే తెలివైన పిల్ల కూడా వెనకబడినట్టు కనిపిస్తుంది. ఇంట్లో కబుర్లు చెబుతుండగా ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి. కొత్తవాళ్ల ముందు పాప నోరు తెరవకపోయినా డాక్టరుకు అది చాలా ఉపయోగపడుతుంది. టీచర్ చేత నాలుగు మాటలు రాయించుకోవడమూ మంచిదే.

వినికిడి పరీక్ష, పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, రైలు, బస, షాపు మూసిన రోజుల నష్టం అన్నీ కలిపి 20 వేలు పక్కన పెట్టుకోండి. మీ ఆదాయంలో రెండు మూడు నెలల పొదుపుతో సర్దుకోగలిగితే అదే మేలు. చాలకపోతే ఎఫ్‌డీని విరగ్గొట్టకుండా దాని మీదే బ్యాంకులో లోన్ తీసుకోండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది. పైగా షాపు నడిపే ఇంటికి ఆ లక్షే కష్టకాలంలో ఆదుకునే డబ్బు. చీటీ ఇప్పుడు పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది, అలా చేయకండి. సుకన్య డబ్బు పాపకు 18 ఏళ్లు వచ్చేదాకా లేదా పది పాసయ్యేదాకా మామూలుగా చేతికి రాదు. ఈ ఏడాది ఇబ్బందిగా ఉంటే అందులో 250 రూపాయలు మాత్రం వేసి ఖాతాను బతికించుకోండి.

ఆదాయ పన్ను మినహాయింపును, ఆటిజం వంటివి ఉన్నవారికి ఏటా లక్ష వరకు వర్తించే నిరామయ బీమాను ఇప్పుడు లెక్కలో వేసుకోవద్దు. రెండింటికీ వైకల్య సర్టిఫికెట్ కావాలి, మాట్లాడకపోవడం ఒక్కటే దానికి చాలదు. మీకు ఆరోగ్య బీమా ఉంటే పాప పేరు అందులో ఉందో లేదో చూడండి. కొత్తగా తీసుకుంటుంటే పరీక్షలో తేలింది దాచకండి, దాస్తే రేపు క్లెయిమ్ తిరగ్గొడతారు.

రిపోర్టు వచ్చి, థెరపీ కావాలని తేలితే అప్పుడు ఆ సెంటర్‌తో మాట్లాడండి. థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇలాంటి నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ) నమోదు ఉందా, ఒక్కో సెషన్‌కి ఎంత, మధ్యలో మానేస్తే మిగిలింది తిరిగిస్తారా అని అడగండి. కాగితం మీద రాసివ్వనంటే ఇంకో చోటు చూడండి. రాసిచ్చినా నెలకు మించి ముందు కట్టకండి.