చేపల కన్నా ముందు చెట్లు పెట్టు

బిడ్డా,

అక్వేరియం పెడదామనుకుంటున్నవని మీ బాపు చెప్పిండు. సంతోషమైంది. నల్లగొండల పెడుతున్నవు కాబట్టి ముందుగాల నీళ్ల సంగతే చెప్త.

మన బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లగ పేరుకునేది అదే. ఆ నీళ్లను మార్చాలని మందులు పొయ్యకు, ఆ నీళ్లకు తగిన చేపలనే తెచ్చుకో. గప్పీలు, మోలీలు, ప్లాటీలు ఇట్ల సున్నమున్న గట్టి నీళ్లల్ల మంచిగ బతుకుతయి. నియాన్ టెట్రాలు చూడ ముద్దుగుంటయి గని అవి సున్నం తక్కువుండే మెత్తటి నీళ్ల జాతి, వాటి జోలికి పోకు. కృష్ణా నీళ్లు నల్లాల పట్టుకుంటే క్లోరిన్ తీసే చుక్కల మందు బకెట్ల కలిపినంకనే పొయ్యి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి తీసుకో. అంతకన్న చిన్నదైతే నీళ్లు జల్ది చెడిపోతయి, ఎండకాలం జల్ది కాగుతయి. మట్టి, నీళ్లు కలిస్తే 60 కిలోలు దాటుతది, గట్టి బల్ల చూసుకో.

అడుగున జల్లెడ పట్టిన మట్టి అంగుళం మందం పరుచు. ఎరువు గాని, పురుగుమందు గాని పడిన మట్టి వద్దు, పత్తిచేను మట్టి అసలే వద్దు. దాని మీద బాగ కడిగిన ఇసుక ఇంకో అంగుళం. రాళ్లు పెడితే ముందు నిమ్మరసం పిండి చూడు. నురుగొస్తే అది సున్నపురాయి, పక్కకు పెట్టు. మన గుట్టల గ్రానైటు రాయికి ఆ భయం లేదు.

అసలు సంగతి ఇది. మొదటి రోజే చెట్లు చిక్కగ నాటు, చేపలను మాత్రం ఆపు. చేపల విసర్జన నుంచి అమ్మోనియా పుడుతది, అది విషం. దాన్ని నైట్రైటుగ, ఆపైన నైట్రేటుగ మార్చే సూక్ష్మజీవులు పెరగనీకి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతది. జోరుగ పెరిగే చెట్లు కూడ అమ్మోనియాను పీల్చుకుంటయి. అందుకే వాలిస్నేరియా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ అనే నీటి చెట్లతోటి మొదలుపెట్టు. చెట్లకు కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే గ్యాస్ సిలిండర్, ఖరీదు లైట్లు ఏమొద్దు. మామూలు ఎల్ఈడీ రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. కిటికీ ఎండ తగిలితే పాచి పడుతది. అనూబియాస్, జావా ఫెర్న్ తెస్తే వాటి దుంప ఇసుకల పూడ్చకు, మురుగుతది, రాయికి దారంతోటి కట్టు. కొత్త చెట్ల ఆకులు కొన్ని కరిగిపోతయి. పరేషాన్ గాకు, పీకి మళ్ల నాటకు, కొత్త చిగుర్లు వస్తయి.

నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్‌తోటి చూస్తే అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా రావాలె. అప్పుడు నాలుగైదు మగ గప్పీలు తెచ్చుకో. ఆడవి కూడ తెస్తే పిల్లలతోటి తొట్టి నిండుతది. మిగిలినవాటిని చెరువుల గాని, మూసీల గాని ఎన్నడూ వదలకు, ఆ నీళ్లల్ల పుట్టిన చేపలకు నష్టం.

ఎండకాలం చిన్న ఫ్యాను నీళ్ల మీదికి తిప్పు, వేడి తగ్గుతది. నీళ్లు ఆవిరైనా సున్నం తొట్టిలనే ఉంటది గదా, అందుకని తగ్గినంత మేరకు బోరు నీళ్లు కాకుండ ఇంటికి తెచ్చుకునే క్యాను నీళ్లు పొయ్యి.

నీ పెద్దబాపు