మీ బ్యాచ్ ఫొటో చూసి మీవాడి బ్రాంచి తేల్చకండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది హిందూపురం దగ్గర. 1998లో సీమలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పూర్తిచేశాను. అప్పటినుంచీ బెంగళూరు పీణ్యాలో మెషిన్ టూల్స్ తయారుచేసే కంపెనీలోనే ఉన్నాను, ఇప్పుడు ప్రొడక్షన్ మేనేజర్ని. పోయిన డిసెంబరులో దేవనహళ్ళి దగ్గర ఒక రిసార్టులో మా బ్యాచ్ వాళ్ళం కలిశాం. అన్ని బ్రాంచీలూ కలిపి 160 మందిమి, 71 మంది వచ్చారు. నాతోపాటు మెకానికల్, సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాళ్ళకి సర్జాపుర రోడ్డులో విల్లాలు, డాలస్‌లో ఇళ్ళు. ఇద్దరు ఇరిగేషన్ శాఖలో ఉన్నారు. మా ఈసీఈ టాపర్ అమ్మాయి అమెరికా వెళ్ళి ఉద్యోగం లేకుండా ఇంట్లోనే ఉండిపోయింది, పాపం. (భోజనాలప్పుడు ముగ్గురు నన్ను పక్కకి పిలిచి, మీ కంపెనీలో ఏమైనా ఉంటే చెప్పరా అన్నారు, అది వేరే విషయం.) నా రూమ్మేటు రాలేదు. ధర్మవరంలో మోటార్లు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడని విన్నాను.

మావాడు ఈ ఏడు సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు) రాశాడు. కర్ణాటక ఇంజనీరింగ్ ఎంట్రన్స్ కేసీఈటీలో 14 వేల చిల్లర ర్యాంకు. మెకానికలే కావాలంటున్నాడు. పోయిన సెలవుల్లో వారం రోజులు మా షాప్ ఫ్లోర్‌లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ ఆపరేటర్ పక్కన నిలబడ్డాడు, అప్పట్నుంచీ ఇదే పాట. నేను చేసిన తప్పు వాడు చేయకూడదు. హిందూపురంలో ఉన్న ప్లాటు అమ్మి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ సీటు తీసుకుందామనుకుంటున్నాను. వాడికి నచ్చజెప్పే మాట ఒకటి చెప్పండి.

జవాబు: ప్లాటుకి అడ్వాన్సు తీసుకోకపోతే తీసుకోకండి. తీసుకుని ఉంటే నెల గడువు అడగండి. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

మీరు అడిగింది మీవాడి గురించి, ఉత్తరంలో సగానికి పైగా ఉన్నది మీ బ్యాచ్ గురించి. అందులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యాన్ని మీరు బ్రాకెట్లో పెట్టి, వేరే విషయం అన్నారు. అది వేరే విషయం కాదండీ. యాభైకి చేరువలో ఉన్న ముగ్గురు, విల్లాల కబుర్లు నడుస్తున్న బల్ల దగ్గర్నుంచి లేచి, పీణ్యాలో పనిచేస్తున్న మిమ్మల్ని పక్కకి పిలిచి ఉద్యోగం అడిగారు. గ్రూప్ ఫొటోలో వాళ్ళూ నవ్వుతూనే ఉండి ఉంటారు.

ఇక మీరు బ్రాంచి వల్ల అనుకుంటున్నది చాలావరకు పాసైన ఏడాది వల్ల. మీరు డిగ్రీ పట్టుకుని బయటికొచ్చిన 1998 సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి. అమెరికా బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే కేటాయించారు. 2000 వస్తే అక్కడ 00 పడుతుంది, మెషిన్ దాన్ని 1900 అనుకుంటుంది. ఆ గడువులోగా కోడ్ అంతా తెరిచి సరిచేయడానికి మనుషులు కావాల్సి వచ్చారు. వచ్చినవాడు సివిలా మెకానికలా అని ఎవరూ పట్టించుకోలేదు. అమీర్‌పేట మైత్రీవనంలో నాలుగు నెలలు మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుంటే చాలు, ఇంటర్వ్యూకి పిలిచేవాళ్ళు. అమెరికా కూడా హెచ్1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1,15,000కి, ఆ తర్వాత మూడేళ్ళు 1,95,000కి పెంచింది. 2004కల్లా మళ్ళీ 65,000కి దించేసింది. మీ ఫ్రెండ్స్ తెలివిగలవాళ్ళే, రాత్రులు నిద్ర మానుకుని నేర్చుకున్నవాళ్ళే. అయితే వాళ్ళు వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది.

అదే మనుషులు 2001లో పాసై ఉంటే? 2000 మార్చిలో అమెరికా టెక్ కంపెనీల షేర్ల సూచీ నాస్‌డాక్ శిఖరానికి చేరి కూలడం మొదలైంది. సీఎస్‌ఈ చదివి, క్యాంపస్‌లో ఎంపికై, ఆఫర్ లెటరు బీరువాలో పెట్టుకుని, జాయినింగ్ తేదీ కోసం ఏడాది పైగా ఎదురుచూసినవాళ్ళు నాకు తెలుసు. ఆ ఏడాదిలో ఒకాయన బీఈడీ చేసి మాస్టారైపోయాడు, ఇప్పటికీ పాఠాలు చెబుతున్నాడు. బ్రాంచి కంప్యూటర్సే, తెలివికీ లోటు లేదు. మీ వైపు రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అదే చేను, అదే విత్తనం, వాన పడిన ఏడు శెనక్కాయ మూటలు ఇంటికొస్తాయి, పడని ఏడు కట్టె మిగులుతుంది.

ఇరిగేషన్‌లో ఉన్న ఇద్దరూ ఎప్పుడు చేరారో అడిగారా? ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్ళకి పాత పింఛను, ఆ రోజు నుంచీ చేరినవాళ్ళకి సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టుకునే పింఛను. శాఖ ఒకటే, స్కేలు ఒకటే, రిటైరయ్యాక చేతికొచ్చేది మాత్రం ఒకటి కాదు. మీరు పాసైన ఏడాదే డీఎస్సీలో అర్హత సాధించి పోస్టు రాక మిగిలిపోయినవాళ్ళయితే ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై ఏళ్ళకి పైగా ఎదురుచూశారు, అప్పటికి కొందరికి తల పూర్తిగా నెరిసింది.

మీ టాపర్ గురించి 'పాపం' అన్నారు. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్4 వీసా, దాని మీద వెళ్ళిన భార్యకి అప్పట్లో అమెరికాలో ఉద్యోగం చేసే వీలే ఉండేది కాదు. 2015 మే 26 నుంచి కొందరికి అనుమతి ఇచ్చారు, అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటి ఉంటేనే. అప్పటికి ఆవిడ చదువు ముగిసి 17 ఏళ్ళు. పిల్లలు హైస్కూలుకి వచ్చి ఉంటారు, తను నేర్చుకున్న ఎలక్ట్రానిక్స్ రెండు తరాలు ముందుకెళ్ళి ఉంటుంది. మీ బ్యాచ్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మనిషిని కూర్చోబెట్టింది బ్రాంచి కాదు, ఒక వీసా నిబంధన. అదే ఆవిడ పెళ్ళయ్యాక బెంగళూరులోనే ఉండిపోయి ఉంటే? టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడికి వచ్చింది 1985లో. ఆ తర్వాత చిప్ డిజైన్ పని ఈ ఊళ్ళో పెరుగుతూనే వచ్చింది. ఈసీఈ టాపర్‌కి ఆ రోజుల్లో పని వెతుక్కోవాల్సిన అవసరం ఉండేది కాదేమో. ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారు, ఎవరి అమ్మానాన్నలకి ఎప్పుడు జబ్బు చేసింది, ఎవరు ఏ ఊళ్ళో ఆగిపోయారు అన్నవి బ్రాంచి కంటే గట్టిగా పనిచేస్తాయి. రిసార్టులో ఎవరూ వాటి గురించి మాట్లాడరు.

రాని 89 మంది మాట. మా బ్యాచ్ కూడా పాతికేళ్ళప్పుడు కలిసింది. ఇందిరానగర్‌లో మా ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలోనే. నేను వెళ్ళలేదు. అప్పటికి ఆరు నెలల కిందట నేను పనిచేస్తున్న సంస్థ మా విభాగాన్ని మూసేసింది. 'ఇప్పుడేం చేస్తున్నావ్' అనే మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో జ్వరమని చెప్పాను. ఆ రోజు తీసిన ఫొటో చూస్తే మా బ్యాచ్ కూడా బ్రహ్మాండంగా ఉంది. మీ ధర్మవరం రూమ్మేటు ఎందుకు రాలేదో నాకు తెలియదు. పట్టుచీరల మగ్గాల ఊళ్ళో మోటార్లకి గిరాకీ ఎక్కువై, షాపు కట్టేసి రావడం కుదరలేదేమో కూడా.

ఇప్పుడు మీవాడు. మెకానికల్ గొప్పదని నేను వాదించబోవడం లేదు. పీణ్యాలో కొత్తగా చేరిన ఇంజనీరుకి చిన్న యూనిట్లు ఇచ్చే జీతమెంతో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ అంకె వాడికి చెప్పారా? చెప్పండి, దాచకుండా. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతంతో పోల్చుకుంటూ అయిదారేళ్ళు గడపాల్సి రావచ్చని కూడా చెప్పండి. అది విన్నాక కూడా మెకానికలే అంటే వాడి మాటకి బరువుంది. వారం రోజులు ఆపరేటర్ పక్కన నిలబడటం ఒక జీవితానికి చాలదు, నిజమే. కాకపోతే నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది సీఎస్‌ఈ అడిగేముందు ఆ వారం కూడా ఎక్కడా నిలబడరు.

సీఎస్‌ఈ మీద నాకు కోపం లేదు. వాడే అడిగి ఉంటే, వచ్చిన ర్యాంకుకి దొరికినచోట చేర్చమనేదాన్ని. 2024-25 నుంచి మంచి రికార్డున్న కాలేజీలకి సీట్ల సంఖ్య మీద పరిమితిని సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది, కాలేజీలు పెంచుకున్నది ఎక్కువగా కంప్యూటర్ బ్రాంచీలే. కోడ్ రాసిపెట్టే ఏఐ పనిముట్లు కూడా వచ్చేశాయి. నాలుగేళ్ళ తర్వాత ఆ తలుపు దగ్గర ఎంత తొక్కిసలాట ఉంటుందో నేనూ చెప్పలేను, సీటు అమ్మే ఏజెంటూ చెప్పలేడు. చెప్పలేనిదానికి ప్లాటు పణంగా పెట్టకండి అంటున్నాను, అంతే.

వాడి ర్యాంకుకి పేరున్న కాలేజీల్లో గవర్నమెంటు సీటులోనే మెకానికల్ అందే అవకాశం ఉంది. గత రెండు మూడేళ్ళ కటాఫ్ ర్యాంకులు సీట్లు కేటాయించే కేఈఏ వెబ్‌సైట్లో ఉంటాయి, రౌండ్లవారీగా చూసుకోండి. సీటు వచ్చాక చాయిస్ ఒకటా రెండా అనే దగ్గర చాలామంది తడబడతారు. ఒకటి అంటే తీసుకుని చేరిపోవడం. రెండు అంటే ఇది చేతిలో ఉంచుకుని, ఇంకా పైనున్న ఆప్షన్ కోసం తర్వాతి రౌండుకి వెళ్ళడం. మూడు పెడితే ఈ సీటు వదులుకుని మళ్ళీ క్యూలో నిలబడటమే, మీకొద్దు. నాలుగు అంటే మొత్తానికి బయటికి. మొదటి ఏడాది మార్కుల మీద, ఖాళీల మీద బ్రాంచి మారే వీలు ఎంతవరకు ఉందో చేరేముందే కాలేజీ ఆఫీసులో అడగండి. వాడి మనసు మారితే అదొక దారి.

చేరాక మాత్రం మీరు చదివిన మెకానికల్ చదివితే సరిపోదు. పైథాన్ రావాలి, సాలిడ్ మోడలింగ్ (కంప్యూటర్లో భాగాల్ని గీయడం), ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ (అవి ఒత్తిడికి తట్టుకుంటాయో లేదో లెక్కగట్టడం) చేతికి అలవాటు కావాలి. అందుకు ఇంతకంటే మంచి ఊరు మన దేశంలో కష్టం. 1940లో మొదలైన హెచ్‌ఏఎల్ ఉంది, విమానాల మీద పరిశోధన చేసే ఎన్‌ఏఎల్, ఇస్రో ఉన్నాయి, తుమకూరు రోడ్డులో మీ కంపెనీకి కూతవేటు దూరంలో తయారీ రంగ పరిశోధన సంస్థ సీఎంటీఐ ఉంది. జనవరిలో మాదావరలో మెషిన్ టూల్స్ ప్రదర్శన ఇమ్‌టెక్స్ పెడతారు, మీకు ప్రతిసారీ పాసులు వస్తూనే ఉంటాయి. 2024 నవంబరు నుంచి మెట్రో కూడా అక్కడిదాకా వెళుతోంది. ఒక రోజు వాడిని వదిలేయండి, మీరు వెనకాల తిరగకండి. ఏ స్టాల్ దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడో సాయంత్రం అడగండి.

ఇంకొకటి. మీ బ్యాచ్‌లో ఇద్దరితో వాడిని మాట్లాడించండి. ఒకరు సర్జాపుర రోడ్డు ఫ్రెండు, రెండోవారు మిమ్మల్ని పక్కకి పిలిచిన ముగ్గురిలో ఎవరైనా, వాళ్ళు సరేనంటేనే. జీతం ఎంతని అడగొద్దనండి. పొద్దున ఆఫీసుకి వెళ్ళి ఏం చేస్తారు, పదేళ్ళ కిందట చేసిన పనికీ దీనికీ తేడా ఏమిటి, ఏ ఏడు అన్నిటికంటే కష్టపడ్డారు అని అడగమనండి. మీరు ఆ గదిలో ఉండకండి.

మీ తప్పు అన్నారు చూడండి, దాని గురించి నాకు ఒకటే సందేహం. 2001, 2008, 2020 కష్టకాలాలు దాటుకుని ఒకే ఊళ్ళో, ఒకే పనిలో ఉన్నారు. ఆ రోజు 71 మందిలో ఉద్యోగం కోసం వెతుక్కుంటున్నవాళ్ళు మీ దగ్గరికే ఎందుకు వచ్చారు? వచ్చే ఉత్తరంలో రాయండి. ఆప్షన్ల జాబితా కూడా పంపండి, మీవాడి చేతిరాతలో.