పైపెదవి మీద నూగు గురించి మీ అమ్మాయికి ఇలా చెప్పండి

ఇంటర్ చదివే మీ అమ్మాయిని తోటివాళ్లు ‘మీసాలు’ అని ఏడిపిస్తున్నారని, కాలేజీకి వెళ్లనంటోందని రాశారు. ఆడపిల్లకు అసలు ఈ వెంట్రుకలెందుకని అడిగారు. అదే వయసులో నేను దిల్‌సుఖ్‌నగర్ బస్సులో మూతికి చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. అందుకే రాయకుండా ఉండలేకపోయాను.

మన ఒంటి మీద రోమకూపాలు ఇంచుమించు చింపాంజీకి ఉన్నన్ని ఉన్నాయి. బొచ్చు పోలేదు, సన్నబడిందంతే. ఎండలో తిరిగిన మన పూర్వీకులకు చెమట ఆరి ఒళ్లు చల్లబడటానికి అది మేలు చేసిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మిగిలిన నూగు కూడా వృథా కాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కొందరికి ఒక చేయి గొరిగి, రెండు చేతుల మీదా నల్లులను వదిలి చూశారు. నూగున్న చేతి మీద నల్లి పాకుతున్నట్టు బాగా తెలిసింది, కుట్టే చోటు వెతుక్కోవడానికి దానికి ఎక్కువసేపు పట్టింది.

ఇక గడ్డం, మీసం. ఇవి ఆడవారిని ఆకర్షించే అలంకారమని 1871లో డార్విన్ రాశాడు. తోటి మగవాడిని బెదిరించడానికని ఇప్పుడు కొందరంటున్నారు. ‘మీసం మెలేశాడు’ అనే మన మాట వింటే నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

మన చుట్టూ చూడండి. యాదగిరిగుట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చినాయనా, అయ్యప్ప మాల వేసుకుని మండలం పాటు గడ్డం తీయనాయనా ఒకే వీధిలో ఉంటారు. అమీర్‌పేట గురుద్వారాకు వెళ్లే సిక్కులకు కేశం తీయకపోవడమే ధర్మం. అర్థమంతా మనుషులు ఇచ్చుకున్నదే. డిగ్రీలో మా తెలుగు మేడమ్ ‘నూగారు’ అనే మాట వివరించిన రోజు నాకింకా గుర్తుంది. నాయిక పొట్ట మీద సన్నగా సాగే రోమాల గీతను ప్రబంధ కవులు అందమని పద్యాల్లో వర్ణించారు! నేను సిగ్గుపడి దాచుకున్నదానికి మన భాషలో ఇంత ముద్దయిన పేరుందని తెలిసి, ఆ సాయంత్రం చున్నీ తీసేసి బస్సెక్కాను. ఒంటి వెంట్రుకలంటే సిగ్గు కూడా మనుషులు నేర్పిందే. ఆడవారి కోసం ప్రత్యేకంగా జిలెట్ రేజరు వచ్చింది 1915లో, అమెరికాలో. చంకల్లో వెంట్రుకలుంటే నామోషీ అని అక్కడి ప్రకటనలు నేర్పిందీ ఆ రోజుల్లోనే.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. నెలసరి క్రమం తప్పుతున్నా, గడ్డం కింద ముదురు వెంట్రుకలు వస్తున్నా హార్మోన్ల డాక్టరుకు చూపించండి. నాకు మొదట చూసిన డాక్టరు ‘పెళ్లయితే సర్దుకుంటుంది’ అన్నారు. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అని తేలేసరికి ఇరవై మూడేళ్లు వచ్చాయి.

తీయించుకోవడం, మానడం అమ్మాయి ఇష్టానికే వదిలేయండి. గొరిగితే మందంగా పెరుగుతాయన్నది నిజం కాదు. నేను కొన్ని నెలలు థ్రెడింగ్ చేయించుకుంటాను, కొన్ని నెలలు అలాగే ఆఫీసుకు వెళతాను.