సూళ్లూరుపేట చుట్టుపక్కల పక్షులు చూడాలంటే ముందు పులికాట్ సరస్సు నీటి లోతు కనుక్కోండి

సంక్రాంతి సెలవుల్లో పిల్లలు, పెద్దవాళ్లతో సూళ్లూరుపేట వస్తున్నామని, రెండు రోజుల్లో ఎక్కడెక్కడ ఏ పక్షులు కనిపిస్తాయో చెప్పమని అడిగారు. పోయినసారి శ్రీహరికోట రోడ్డంతా తిరిగినా ఫ్లెమింగోలు ఎక్కడో దూరాన గులాబీ గీతలా తప్ప కనబడలేదని కూడా రాశారు. అలా జరగడానికి చాలాసార్లు నీటి లోతే కారణం అండీ.

ఫ్లెమింగో తలకిందులుగా ముక్కు నీళ్లలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి పక్కలనుంచి వదిలేస్తూ, చిన్న చిన్న పురుగుల్నీ నాచునీ వడకట్టుకుని తింటుంది. తినేటప్పుడు ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద తొక్కి కదుపుతుంది. ముక్కు అడుగుకు అందాలంటే నీళ్లు దాని కాళ్ల పొడవు దాటకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడితే కాళంగి, స్వర్ణముఖి నీళ్లొచ్చి సరస్సు నిండిపోతుంది. అప్పుడు గుంపులు రోడ్డు వదిలేసి లోతు తక్కువున్న అంచులకు, తిప్పల పక్కకు పోతాయి. వానలు తక్కువైన ఏడు ఇందుకు తిరగబడుతుంది. ఉత్తరపు భాగం తొందరగా ఎండిపోయి, పక్షులు తడి మిగిలిన దక్షిణానికి జరుగుతాయి. అందుకే పోయిన ఏడు బాగా కనిపించిన చోటే ఈసారి కూడా ఉంటాయనుకుని ఎవరైనా చెబితే నమ్మకండి. బయల్దేరే ముందు రోజు సూళ్లూరుపేటలో ఆటోవాళ్లనో, సరస్సులో వలలు వేసేవాళ్లనో "నీళ్లు మోకాలి లోతు ఎక్కడున్నాయి?" అని అడగండి. "పక్షులెక్కడ?" అని అడిగితే అందరూ నేలపట్టు పక్షుల అభయారణ్యమే చెబుతారు.

నీళ్లు తీసిన చోట బురదమీద గుండ్రటి గుంతలు, చుట్టూ చిన్న గట్టులాంటి అంచు కనిపిస్తే అవి ఫ్లెమింగోలు తొక్కిన గుర్తులు. అంచు ఇంకా తడిగా, పదునుగా ఉంటే గుంపు దగ్గర్లోనే ఎక్కడో మేస్తోందని లెక్క. ఎండి పగిలి ఉంటే ఆ చోట ఆగకుండా ముందుకు వెళ్లండి.

శ్రీహరికోట రోడ్డు సూళ్లూరుపేట నుంచి తూర్పుగా సరస్సు మధ్యలో పోతుంది, రెండు వైపులా నీళ్లే. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే నడుస్తాడు కాబట్టి ఎండ మీ వీపు మీద పడేలా ఎప్పుడూ ఉత్తరం వైపు నీళ్లనే ముందు చూడండి. దక్షిణం వైపు చూస్తే తళతళల్లో పక్షి నల్లగా కనబడుతుంది తప్ప ముక్కు రంగు, కాళ్ల రంగు తేలవు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది ఎడంపక్క వదిలేసి కుడిపక్కే ఆగి ఫోటోలు తీసి బాధపడతారు. తెల్లవారి ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర లోపల చూసేయండి. తరువాత బురదమీద ఎండ ఎక్కి గాలి వణుకుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన స్కోపులో (ఒంటికన్ను దుర్భిణిలో) చూసినా బొమ్మ అలలాడుతూనే ఉంటుంది. ఆ వణుకు అద్దం లోపం కాదు కాబట్టి జూమ్ పెంచకండి, తగ్గించండి.

బైనాక్యులర్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) చాలు. పిల్లల చేతికి 10x ఇస్తే బొమ్మ నిలవదు. సరస్సు వెడల్పుకు 20-60x స్కోపు, బరువైన ముక్కాలి స్టాండు ఉంటే మేలు. సరస్సు గాలికి తేలిక స్టాండు ఆగదు, దాని నడిమి కొక్కేనికి నీళ్ల బాటిళ్ల సంచి వేలాడదీయండి.

రోడ్డు అంచున కారు ఆపేటప్పుడు చక్రాలు పక్కనున్న మట్టి మీదికి దించకండి. వానాకాలం తరువాత ఆ మట్టి పైకి గట్టిగా కనబడినా కింద మెత్తగా ఉంటుంది. షార్ (శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ కేంద్రం) ఉద్యోగుల బస్సులు ఉదయం, సాయంత్రం షిఫ్టు వేళల్లో వేగంగా వస్తాయి, పిల్లల్ని నీళ్లవైపు తలుపు నుంచే దించండి. సరస్సులోకి మాత్రం దిగొద్దు. పైన ఎండిన పెచ్చు కనిపిస్తుంది, దాని కింద అడుసు. రెండడుగులు వేసేసరికి మోకాలు దాకా కూరుకుపోతారు. పైగా గుంపు తలలెత్తి, మేత ఆపి, ఒకే దిక్కుకు నడవడం మొదలుపెట్టిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చారన్నమాట. అక్కడే ఆగిపోండి, మళ్లీ తల దించుతాయి. ఇంకో అడుగు వేస్తే లేచిపోతాయి, ఆ పూటకు మళ్లీ అక్కడ వాలవు.

ఎక్కువ భాగం గ్రేటర్ ఫ్లెమింగోలే. వాటి ముక్కు లేత గులాబీ, కొస మాత్రం నలుపు. ముక్కంతా ముదురుగా ఉండి, ఒంటి రంగు చిక్కగా, ఎత్తు తక్కువగా ఉన్నది లెస్సర్. బూడిద గోధుమ రంగువి వేరే జాతి అనుకోకండి, అవి పిల్లలే. వాటితోపాటు నల్లటోపీ తెల్లటి ఒళ్లు, పైకి వంపు తిరిగిన ముక్కున్న ఆవోసెట్‌లు, గాడ్విట్‌లు, కర్లూలు, గోధుమతల గల్‌లు, మిరపపండు రంగు ముక్కున్న కాస్పియన్ టెర్న్‌లు చూడొచ్చు. ఇదే రోడ్డు మీద వచ్చే అటకానితిప్ప దగ్గర ఆగి చూడటం అలవాటు చేసుకోండి. శ్రీహరికోట ద్వీపం చేరాక అనుమతి లేకుండా షార్ గేటు దాటి వెళ్లనివ్వరు, గేటు దగ్గర కెమెరా బయటికి తీయకండి. డ్రోన్ సంచిలో కూడా తేవద్దు.

నేలపట్టు సంగతి వేరు. సూళ్లూరుపేటకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు, దొరవారిసత్రం స్టేషన్ దగ్గర. 1976లో అభయారణ్యమైంది, విస్తీర్ణం సుమారు 458 హెక్టార్లు. చెరువులో నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్ల కొమ్మల మీద గూడబాతులు (పెలికాన్‌లు) గుడ్లు పెడతాయి. మేత మాత్రం పులికాట్ నుంచి తెస్తాయి, అంటే సరస్సు బాగుంటేనే ఈ గూళ్లు బాగుంటాయి. అక్టోబరు, నవంబరులో వచ్చి జతకడతాయి, గుడ్లు పొదగడానికి సుమారు నెల రోజులు పడుతుంది. మీరొచ్చే సంక్రాంతికి తెల్లటి నూగుతో పెద్ద పిల్లలుంటాయి. అవి తల్లి ముక్కుకింది సంచిలోకి తలంతా దూర్చి మేత తీసుకోవడం చూడండి, పెద్దవాళ్లకు కూడా అది చూడటమే ఎక్కువ ఇష్టమవుతుంది. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, రాత్రి కొంగలు అదే చెట్ల మీద వేర్వేరు ఎత్తుల్లో గూళ్లు కడతాయి. నీళ్లలో సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు ఉంటాయి.

గూళ్ల ఎదుట గొంతు పెంచొద్దని పిల్లలకు ముందే చెప్పండి. పెద్దపక్షులు ఒక్కసారి లేస్తే కాకులు, గద్దలు గుడ్లకు వాలతాయి, బెదిరిన పక్షిపిల్లలు కొమ్మ జారి నీళ్లలో పడతాయి. ఎరుపు, తెలుపు బట్టలకు బదులు బూడిద, మట్టి రంగులు వేసుకోండి. వీలైతే వారం మధ్య రోజుల్లో వెళ్లండి. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజులు పిల్లలకు సందడే గానీ, పక్షులు నిదానంగా చూడాలనుకుంటే దానికి ముందో వెనకో రండి.

రెండో రోజు తడ దగ్గర భీములవారిపాళెం పడవల రేవుకు పోవచ్చు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకండి, మోటారు పడవను గుంపుకు దూరంగా ఆపమనండి. తీరపు ఉల్లంకులు (ఇసుక, బురద అంచున మేసే చిన్న పక్షులు), టెర్న్‌లు కావాలంటే వాకాడు వైపు తూపిలిపాళెం సముద్రతీరం దాకా వెళ్లండి. పెద్దవాళ్లతో ఉంటే అది వదిలేయండి, ఇసుకలో నడక కష్టం.

మీరు ఫోన్ మ్యాప్‌లో "పులికాట్" అని కొడితే తమిళనాడులోని పళవేర్కాడుకు, సరస్సు దక్షిణపు కొసకు తీసుకెళుతుంది. "అటకానితిప్ప" అని పెట్టుకోండి. రోడ్డు మీద నీడ ఉండదు, నీళ్లు, టిఫిన్, పెద్దవాళ్లకు బాత్రూము పని సూళ్లూరుపేటలోనే చూసుకోండి. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ రోడ్డు మీద ఆంక్షలుంటాయి, తేదీలు చూసుకుని టికెట్లు తీసుకోండి.