పెనాల్టీ మీద వడ్డీ వేశారా? వెనక్కి అడుగు

తమ్ముడూ, బరంపురంలో ఇంటి లోను ఈఎంఐలు ఈ ఏడాది ఆలస్యమైతే, బ్యాంకు వేసిన పెనాల్టీని అసలులో కలిపేసి దానిమీదా వడ్డీ గుంజుతోందని రాశావు. అది చెల్లదు. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18 నాటి సర్క్యులర్ ప్రకారం పెనాల్టీ వేయొచ్చు గానీ, దాన్ని వడ్డీ రేటులో కలపకూడదు, దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదు. పాత లోన్లు కూడా 2024 జూన్ 30 లోపు ఈ పద్ధతికి మారాల్సిందే. కట్టని వాయిదా మీద మామూలు వడ్డీ మాత్రం పడుతుంది, దానికోసం పోట్లాడకు.

ముందు పూర్తి స్టేట్‌మెంటు తీసుకో. పెనాల్టీ పడిన తేదీ, ఆ రోజు బాకీ ఎంత పెరిగింది, తర్వాతి నెల వడ్డీ ఏ మొత్తం మీద లెక్కకట్టారు, ఇవి పెన్సిలుతో గీసుకో. ఎక్కువ పడింది తిరిగి జమచేయమని బ్రాంచికి రాసివ్వు, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకునే దాకా కౌంటరు వదలకు. ఒడియా చదవడం రాని మనవాళ్లు చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తుంటే నాకు కడుపు మండుతుంది. నువ్వు అలా చేయకు, అర్థం చెప్పించుకో.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఖాతాదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టు. ఖర్చుండదు, లాయరు అక్కర్లేదు. లోనిచ్చింది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు రాయాలి. ఈలోగా ఈఎంఐ మాత్రం ఆపకు.