కుదిర్చారా, కుదుర్చుకున్నారా?

సందేహం: ‘1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల మధ్య ఒప్పందం కుదుర్చుకున్నారు’ అని ఒక వ్యాసంలో చదివాను. ఈ వాక్యం సరైనదేనా? ఆయన చేసింది రాయబారమా, మధ్యవర్తిత్వమా?

సమాధానం: వాక్యం తప్పు. చిక్కంతా ‘కొను’ దగ్గరే ఉంది. ‘కుదురు’ అకర్మకం: బేరం కుదిరింది, పెళ్లి కుదిరింది. దాన్ని కుదిరేలా చేయడం ‘కుదుర్చు’. దానికి ‘కొను’ చేరితే ఆత్మార్థకం, అంటే ఆ పని ఫలం చేసినవారికే చెందుతుంది. సంబంధం కుదిర్చేది పెళ్లిళ్ల పేరయ్య, కుదుర్చుకునేది వియ్యాలవారు.

అమెరికా అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్‌లో జరిగింది చూడండి. సెప్టెంబరు 5 నుంచి 17 దాకా 13 రోజుల చర్చలు. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ ఎదురుపడితే మాట మీద మాట పెరిగేది. అందుకని మొదటి కొద్ది రోజుల తర్వాత ఇద్దరినీ విడివిడిగా కలవడం మొదలైంది. అమెరికా బృందం ఒకే ముసాయిదా రాసి, ఇద్దరికీ వేర్వేరుగా చూపించి, ఎవరి అభ్యంతరాలు వారి దగ్గర విని, దాన్నే తిరగరాస్తూ పోయింది. అలా 20కి పైగా ముసాయిదాలయ్యాయి. చివరి పత్రాల మీద సాదత్, బెగిన్ తమ దేశాల తరఫున సంతకాలు పెట్టారు. కార్టర్ పెట్టింది సాక్షి సంతకం. కాబట్టి కార్టర్ కుదిర్చారు. సాదత్, బెగిన్ కుదుర్చుకున్నారు.

రాయబారం అంటే ఒక పక్షం మాటను అవతలి పక్షానికి వినిపించడం. కౌరవసభకు కృష్ణుడు వెళ్లింది పాండవుల తరఫున, అందుకే అది రాయబారం. కార్టర్‌ది మధ్యవర్తిత్వమే. ‘మధ్యవర్తీత్వం’ అని దీర్ఘం పెట్టకండి. మూలశబ్దం ‘మధ్యవర్తిన్’, ‘త్వ’ ముందు నకారం పోయి హ్రస్వమే మిగులుతుంది, ‘స్వామిత్వం’లో లాగే. మధ్యవర్తి ‘తీర్పు ఇచ్చారు’ అనీ రాయకూడదు. తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు.

1978 నాటివి ముందు ముందు జరగాల్సిన చర్చలకు చట్రం వేసిన పత్రాలు, వాటిని ‘ఒప్పందాలు’ అంటే చాలు. ‘సంధి’ అన్న మాట 1979 మార్చి 26న వాషింగ్టన్‌లో కుదిరిన దానికి తగుతుంది. ‘రాజీపత్రం’ అనాల్సిన చోట ‘రాజీనామా’ మాత్రం వద్దు. ఉర్దూలో ఆ అర్థం ఉన్నా, తెలుగు పాఠకుడు పదవి వదులుకున్నారనే అనుకుంటాడు.

ఇలాంటి పత్రాలను తెలుగు చేసేవారికి ఒక మనవి. పత్రంలో జోర్డాన్ నదికి పడమటి ప్రాంతాన్ని ‘వెస్ట్ బ్యాంక్’ అని ఉంటే అలాగే ఉంచండి. ఆ మాటను తమ ప్రభుత్వం ‘యూదియా, సమరియా’ (ఆ ప్రాంతానికి బైబిల్ నాటి పేర్లు) అని అర్థం చేసుకుంటుందని బెగిన్ తెలియజేసినట్టు కార్టర్ విడిగా ఒక లేఖలో నమోదు చేశారు. ఒప్పందంలోని మాటను మాత్రం మార్చలేదు.